ఎత్తకూడని ఫోను

మార్టూరు,
14 జూలై 2003, సోమవారం.

ప్రియమైన కోటేశ్వరీ,

నా కాయ ఒకటి పోయిందని ఇవాళ పొద్దున తెలిసింది. అది పోయి అయిదు రోజులయిందట. నువ్వు బుధవారం నాడు దాడి కట్టి, నా పత్తిగింజను తీసేసి, కార్డు రాసి డబ్బాలో వేశావు. ఆ సంగతి తెలియక నేను గురువారం నుంచి నిన్నటి దాకా రోజూ సాయంత్రం ఆట గీసిన రాయి ముందు కూర్చుని, ఆ గింజతోనే నిన్ను ఎటు కట్టడి చెయ్యాలా అని ఆలోచించాను. లేని గింజతో నాలుగు రోజులు ఆడానన్నమాట.

కార్డు తెచ్చిన బుల్లయ్య గారు గుమ్మం దగ్గరే నిలబడి అడిగారు. "ఏందమ్మా హెలెన్, 'రెండో చదరం, ఆరో చోటు' అని రాసుకుంటన్నారు, మీరిద్దరూ ఎక్కడన్నా ప్లాట్లు కొంటన్నారా?" కార్డు మీద రాసింది పోస్టుమాన్ చదవకూడదని ఆయనకెవరూ చెప్పలేదు. నాన్న పనిచేసే గ్రానైట్ యూనిట్‌లో అంచు విరిగిన రాతిపలక మీద నాకు గీసిచ్చిన దాడి ఆటను తీసుకొచ్చి చూపించాను. ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, ఒక్కో చదరం మీద ఎనిమిది చోట్లు, తొమ్మిదేసి కాయలు, మూడు వరసలో పడితే దాడి, దాడి కట్టినవాళ్ళు ఎదుటివాళ్ళ కాయ ఒకటి తీసెయ్యొచ్చు. ఆయన అంతా విని, "దీనికి దాచేపల్లి దాకా ఎందుకమ్మా, మా ఆవిడ ఆడిద్దిగా" అన్నారు.

వాళ్ళావిడ ఆడుతుంది. కానీ ఆమె నువ్వు కాదు కదా.

చిలకలూరిపేటలో మన కాలేజీ వరండాలో సుద్దతో గీసుకుని ఆడేటప్పుడు ఒక ఆట అరగంట పట్టేది. ఇప్పుడు ఒక ఎత్తు వేసి నీ జవాబు చూడటానికి తొమ్మిది రోజులు. లెక్క వేశాను, ఈ ఆట వచ్చే ఏప్రిల్‌కి గానీ తేలదు. అప్పటికి మన ఇంటరు పరీక్షలే అయిపోతాయి. మీ నాన్నగారికి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం రావడం సంతోషమే. కానీ అది పేటలోనే, ఏ స్పిన్నింగ్ మిల్లులోనో వస్తే దేవుడికి ఏం కష్టం వచ్చేది అని ప్రార్థనలో అడిగాను కూడా.

తెలుగు మేడం ఇచ్చిన నిఘంటువులోంచి రోజుకు మూడు మాటలు రాసుకుంటున్నాను. ఇవాళ్టి మాట జాప్యం. పలుకుతుంటేనే కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంది చూడు.

మన ఒప్పందం గుర్తుందిగా. మార్చిలో ఇద్దరం పాసు, జూన్‌లో గుంటూరు, ఒకే కాలేజీ, ఒకే హాస్టలు, ఒకే గది. అప్పటి దాకా ఈ జాప్యానికి ఏదో ఒక ఉపాయం కనిపెట్టు. ఉపాయాలు నీ శాఖ.

నానమ్మ గారికి వందనాలు.

నీ
హెలెన్

నా ఎత్తు: మూడో చదరం, రెండో చోటు. మర్చిపోయి పోస్టు చెయ్యబోయాను.


దాచేపల్లి,
21 జూలై.

ఒసేయ్ హెలెన్,

నువ్వు రాసిన ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎత్తు ఒక్కటే ఉన్నా చాలేది, కానీ మిగతాదే బాగుంది.

ఇక్కడ ఉతికి ఆరేసిన బట్టలు తీసేసరికి మళ్ళీ ఉతకాల్సినట్టు ఉంటాయి. అంతా తెల్ల దుమ్ము. క్లాసులో అమ్మాయిలు మంచివాళ్ళే గానీ, దాడి ఆడదామంటే "ముసలాళ్ళ ఆట" అన్నారు. జమీలా అని ఒకతి మాత్రం నవ్వలేదు. వాళ్ళన్న బాజీ పిడుగురాళ్ళలో ఇంటర్నెట్ సెంటరు పెట్టాడట. ఇక్కడ టైపు కొడితే అక్కడ తెర మీద అప్పటికప్పుడే పడుతుందట. దాన్ని చాటింగ్ అంటారు. మీ పేటలో కూడా ఒకటి ఉంటుంది, వెతుకు. ఆగస్టు తొమ్మిది రెండో శనివారం. పొద్దున పదకొండింటికి నువ్వు అక్కడ కూర్చో, నేను ఇక్కడ కూర్చుంటాను. బాజీ చెప్పిన అడ్రసు వేరే కాగితం మీద రాశాను. అందులో చుక్కలు కూడా ముఖ్యమట, వదిలెయ్యకు.

అరగంటలో ఆట. అరగంటలో నీ కాయలన్నీ పీకేస్తాను.

కోటి


మార్టూరు,
10 ఆగస్టు, ఆదివారం.

ప్రియమైన కోటీ,

పదకొండు నిమిషాలు. గుడిలో వాక్యం చదువుతుంటే కూడా నాకు అవే గుర్తొస్తున్నాయి.

సెంటరబ్బాయి తీగ కలిపినప్పుడు ఆ పెట్టె గరగరా, కుయ్ కుయ్ మని మొత్తుకుంది. పదకొండింటికి మొదలుపెడితే పన్నెండుకు కలిసింది. నీ పేరు తెర మీదకి వచ్చినప్పుడు పక్క కుర్చీలో ఉన్నాయన నా వైపు చూశాడు, నేను అంత గట్టిగా నవ్వానట. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే మనం మాట్లాడేది మనకే కొత్తగా ఉంది. నేను కొట్టింది నీకు చేరిందో లేదో తెలియడానికి మనసులో పది లెక్కపెట్టాలి. అయినా తొమ్మిది రోజులు ఎక్కడ, పది అంకెలు ఎక్కడ. అయిదు ఎత్తులు వేశాం. నువ్వు తప్పు వేసి "ఛీ" అని కొట్టావు. ఆ ఛీ కోసం మే నెల నుంచి ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది.

తర్వాత కరెంటు పోయింది. ఒంటిగంట దాకా అక్కడే కూర్చున్నాను. రాలేదు. బస్సు పోతుందని వచ్చేశాను.

నీ చివరి వరసలో "నువ్వు ఇప్పుడు" అని వచ్చి ఆగింది. నేను ఇప్పుడు ఏమిటి? దానికి జవాబు రాయి ముందు.

హెలెన్


దాచేపల్లి,
17 ఆగస్టు.

హెలెన్,

నువ్వు ఇప్పుడు ఏ బెంచీలో కూర్చుంటున్నావ్ అని అడగబోయాను. అంతే. నా చోట్లో ఎవరన్నా వచ్చి కూర్చుంటే నాకు చెప్పకు.

ఇంటర్నెట్ మనకి కుదరదు. నాన్న పిడుగురాళ్ళ మళ్ళీ పంపనన్నాడు. కానీ అంతకంటే మంచిది దొరికింది. మా క్వార్టర్‌కి ఫోను వచ్చింది. మిషను ఆగితే రాత్రీ పగలూ లేకుండా నాన్నని పిలవడానికి. ఎత్తి మాట్లాడితే బిల్లు. ఎత్తకుండా మోగితే ఏమీ లేదు. కాబట్టి మనం ఎత్తం.

విను. ముందు ఒక్క రింగు ఇచ్చి పెట్టెయ్. అంటే నువ్వే అని అర్థం. తర్వాత మళ్ళీ చేసి, ఎన్నో చదరమో అన్ని రింగులు. పెట్టెయ్. మళ్ళీ చేసి, ఎన్నో చోటో అన్ని రింగులు. మూడు రింగులు, తర్వాత ఆరు రింగులంటే మూడో చదరం, ఆరో చోటు. దాడి కడితే తీసెయ్యాల్సిన కాయకి ఇంకో రెండుసార్లు. కాయ జరపాలంటే ఉన్న చోటు, వెళ్ళే చోటు. కొత్త ఆట మొదలుపెడదాం. మీ నాన్నగారి యూనిట్ ఆఫీసులో ఫోనుందిగా, ఆ నంబరు నా దగ్గరుంది, మాది కింద రాశాను, సాయంత్రం మీ నాన్న కోసం వెళ్ళినప్పుడు అక్కడ నిలబడొచ్చు.

నేను కాలేజీలో ఉంటే నానమ్మ ఉంటుంది. నానమ్మకి చదువు రాదు, గడియారం చూడటం రాదు, కానీ లెక్క తప్పదు. రెండు గిన్నెలు పెట్టాను. మోగినప్పుడల్లా చింతగింజ ఒకటి వెయ్యాలి, గుర్తు రింగు వదిలేసి, చదరం ఫోనుకి స్టీలు గిన్నెలో, చోటు ఫోనుకి సత్తు గిన్నెలో. నేనొచ్చి చూసుకుంటాను. నిన్న జాన్ బాషా ఫోను బూత్ నుంచి చేసి ప్రాక్టీసు చేయించాను. మూడో రింగుకి ఎత్తేసింది.

"అలో, ఎవురూ?"

"నానమ్మా, నేనే, ఎత్తొద్దన్నానుగా."

"మోగుతుంటే ఎత్తకపోతే ఎట్టమ్మా, ఎవురికేం ఆపదో."

"ఆపదలు ఎనిమిదో రింగు తర్వాత ఎత్తినా వినిపిస్తాయిలే."

"మరి గింజ ఎయ్యనా, వద్దా?"

ఇప్పుడు నేర్చుకుంది. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి చెయ్యి.

కోటి


మార్టూరు,
25 ఆగస్టు.

ప్రియమైన కోటీ,

యూనిట్ మేనేజరు చెంచయ్య గారిని అడగడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. చివరికి నాన్నే అడిగాడు. ఆయన ఏ సంగతీ లేనట్టు, "మోగితే మోగనీ జక్రయ్యా, రాళ్ళు కోసే చప్పుడులో అదెవరికి వినపడిద్ది" అన్నాడు.

అయిదున్నరకి కాలేజీ బస్సు దిగి, ఇంటికి పోకుండా యూనిట్‌కి వెళ్తున్నాను. నాన్న చేతులు కడుక్కుని వచ్చేలోపు పది నిమిషాలు దొరుకుతాయి. మొదటి రోజు ఫోను మోగగానే చెయ్యి దానంతటదే లేచింది. వెనక్కి లాక్కున్నాను. ఒక్క రింగు. అది నువ్వు. నువ్వు ఒక్క మాటా మాట్లాడలేదు, కానీ ఆ గదిలో ఉన్నావు.

లారీ డ్రైవరొకాయన చూసి, "అమ్మాయి, మోగుతుంటే చూస్తా నిలబడ్డావే" అన్నాడు. లెక్కపెడుతున్నానని చెప్పాను.

రోజూ ఒక ఎత్తు నీది, ఒక ఎత్తు నాది. అన్నీ నోట్‌బుక్కులో రాస్తున్నాను, తేదీ, టైము, ఎన్ని రింగులు, అన్నీ. తొమ్మిది రోజుల్నించి ఒక రోజుకి వచ్చాం.

ఇవాళ్టి మాట నిరీక్షణ. మా గుడిలో దాన్ని ఆశ అనే అర్థంలో వాడతారు. తెలుగు మేడం దాన్ని ఎదురుచూడటం అని చెప్పారు. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను.

నాన్నకి కొంచెం దగ్గు. వానల వల్ల.

హెలెన్


మార్టూరు,
12 సెప్టెంబరు.

కోటీ,

కాలేజీలో గదుల పైకప్పు బాగుచేస్తున్నారు. కొన్నాళ్ళు ఒక పూటే క్లాసులు. మధ్యాహ్నం పన్నెండున్నరకే వచ్చేస్తున్నాను. కాబట్టి నువ్వు అన్నానికి ఇంటికొచ్చే టైములో చెయ్యి, ఒంటిగంటకి. నేను ఫోను దగ్గరే ఉంటాను. వెంటనే జవాబు ఇస్తాను.

హెలెన్


దాచేపల్లి,
22 సెప్టెంబరు.

ఒసేయ్,

ఉత్తరం ఇంత చిన్నగా రాస్తే పోస్టాఫీసు వాళ్ళు డబ్బులు వెనక్కిస్తారా? కొత్త మాట ఒక్కటీ లేదు. నిఘంటువు ఎలుకలు కొట్టాయా?

సరే, నీ మీద కోపం లేదు, ఎందుకంటే ఈ వారం రోజుల్లాంటివి నాకు మే నెల తర్వాత లేవు. నేను పెట్టెయ్యగానే నీ రింగు వచ్చేస్తోంది. మొన్న శనివారం అన్నం తింటూ ఆరు ఎత్తులు ఆడాం. ఎడమ చేత్తో డయలు చేస్తుంటే అమ్మ చూసి తిట్టింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికే గిన్నెల్లో గింజలుంటున్నాయి. నేను చెప్పులు విప్పకముందే నానమ్మ, "మీ మార్టూరు పిల్ల ఏసింది, సూసుకో" అంటుంది. ఎదురుగా కూర్చుని ఆడినట్టే ఉంది. నువ్వు ఆలోచించేటప్పుడు జడ కొస నోట్లో పెట్టుకుంటావుగా, అది కూడా కనపడుతోంది నాకు.

ఆ పైకప్పు బాగు మార్చి దాకా చేస్తే బాగుండు.

ఇంకా త్వరగా వెయ్యి. నా దాడి దగ్గరికొచ్చింది.

కోటి


మార్టూరు,
13 అక్టోబరు.

కోటీ,

మొన్న శనివారం నువ్వు దాడి కట్టానని చెప్పి, తీసెయ్యమన్న కాయ రెండో చదరం అయిదో చోటుది. అక్కడ నా కాయ లేదు. ఎప్పుడూ లేదు. నాలుగో చోట్లో ఉంది. నువ్వు కట్టానన్న దాడి కూడా నా రాయి మీద లేదు, మధ్యలో నా గింజ అడ్డం కూర్చుని ఉంది. అంటే నీ పలక మీద ఒక ఆట, నా రాయి మీద ఇంకో ఆట. ఎన్ని రోజుల్నించి ఇలా ఉన్నామో. నీకు ఎదురుగా నేననుకుని నువ్వు, నాకు ఎదురుగా నువ్వనుకుని నేను.

ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. ఆట కదా అని నువ్వు నవ్వుతావు.

నాకు నానమ్మ గారి గింజల మీద అనుమానం. పెద్దావిడ, మధ్యలో మతిమరుపు వచ్చి ఒకటి ఎక్కువ వేసి ఉండొచ్చు, కోప్పడకు. ఎక్కడ తేడా వచ్చిందో నువ్వే పోల్చి చూసుకోవడానికి నా నోట్‌బుక్కులోవి ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి పంపుతున్నాను. ఇప్పటి ఆటలో నా ఎత్తులు, రెండు పేజీలు. అందులో కొన్ని ఇవి.

సెప్టెంబరు 16, మంగళవారం, 9.40: మొదటి చదరం, ఏడు.
18, గురువారం, 11.15: రెండో చదరం, నాలుగు.
23, మంగళవారం, 10.05: మూడో చదరం, రెండు.
అక్టోబరు 8, బుధవారం, 9.50: రెండో చదరం, ఎనిమిది.

మిగతావి వెనక కాగితంలో. త్వరగా చూసి రాయి.

హెలెన్


దాచేపల్లి,
20 అక్టోబరు.

హెలెన్,

నీ అనుమానం నానమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "నాకు మతిమరుపా? మీ తాత పొలంలో యాభై మంది కూలోళ్ళ లెక్క నోటితో చెప్పినదాన్ని. పిలు ఆ ఎలెన్‌ని" అంది. అందుకని పరీక్ష పెట్టాను. జాన్ బాషా బూత్‌కి పోయి మా ఇంటికే చేశాను. నా చెవిలో నాలుగు రింగులు విని పెట్టేశాను. పరుగెత్తుకుంటూ వచ్చి చూస్తే గిన్నెలో అయిదు గింజలు. మళ్ళీ పోయాను. ఈసారి నాలుగుకి నాలుగే. మూడోసారి నాలుగుకి అయిదు. జాన్ బాషాని అడిగితే నవ్వాడు. "రిసీవర్లో నీకు వినపడేది వేరు పాపా, అక్కడ మోగే గంట వేరు. రెండూ ఒకటేనని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. మనమే అనుకున్నాం.

పద్దెనిమిదో తారీఖు గురువారం నువ్వు నాలుగు ఇచ్చావు, ఇక్కడ అయిదు మోగింది. అక్కడ చీలింది మన ఆట. నానమ్మ తప్పు లేదు, నువ్వు ఆమెకి క్షమాపణ రాయాలి, నేను చదివి వినిపిస్తాను. దీనికి మందు సులువే. ఎన్ని విన్నామో అన్ని రింగులు తిరిగిచ్చి, ఒప్పుకున్నాకే కాయ పెట్టాలి. కానీ అది తర్వాత.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు తేదీలు పోల్చుకోమన్నావు. నేను టైములు కూడా చూశాను.

మంగళవారం తొమ్మిదీ నలభై. గురువారం పదకొండుంబావు. బుధవారం పది తక్కువ పది. రెండు పేజీల్లో ముప్పై ఒక్క ఎత్తులుంటే, అందులో పంతొమ్మిది పొద్దున పూటవే. నీకు క్లాసులు పొద్దున పూట అన్నావు. పన్నెండున్నరకి వస్తానన్నావు. నానమ్మని అడిగాను, ఆ పిల్ల ఎప్పుడు చేస్తుంది అని. "నేను మజ్జిగ చిలికేటప్పుడు చేసిద్ది, కూర తరిగేటప్పుడు చేసిద్ది. పొద్దంతా ఆడనే కూర్చుంటదేమో" అంది.

నువ్వు నోట్‌బుక్కులో అబద్ధం రాయవు. నాకు రాసిన ఉత్తరంలో రాశావు.

హెలెన్, నువ్వు కాలేజీకి వెళ్తున్నావా?

కోటేశ్వరి


మార్టూరు,
3 నవంబరు.

కోటేశ్వరీ,

ఈ ఉత్తరం అయిదుసార్లు రాసి చించాను. వెళ్ళడం లేదు. సెప్టెంబరు పదో తారీఖు నుంచి.

నాన్న దగ్గు వానల వల్ల కాదు. ఒంగోలులో డాక్టరు ఫొటో తీసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది, కొన్ని నెలలు ఆ దుమ్ములోకి వెళ్ళొద్దు అన్నాడు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత చెంచయ్య గారు ఇంటికొచ్చారు. ఆఫీసులో రాసే కుర్రాడు మానేశాడట. "నీ కూతురి దస్తూరి బాగుంటది జక్రయ్యా. రాళ్ళ కొలతలు, లారీ నంబర్లు రాసుకుంటా ఫోను దగ్గర కూర్చుంటే చాలు. నీకు నయమయిందాకా" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నాన్న వద్దన్నాడు. నేనే వెళ్తానన్నాను.

నీకు ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. చెబితే నువ్వు జూన్ సంగతి ఎత్తుతావు. గుంటూరు, ఒకే గది. ఆ మాట ఎత్తనంత వరకూ అది అలాగే ఉంటుందని అనుకున్నాను.

ఇంకోటి ఉంది. ఇది రాయడానికే నాలుగు కాగితాలు చించాను. నాన్న కోసమే ఆ కుర్చీలో కూర్చున్నానని అందరూ అనుకుంటున్నారు. పాస్టరు గారు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. నేను తల వంచుకున్నాను. మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే నా కళ్ళు కొలతల పుస్తకం మీదకి పోలేదు, ఫోను మీదకి పోయాయి. ఇక రోజంతా ఇది నా పక్కనే అనుకున్నాను. పేటలో మన బెంచీలో నీ చోటు ఖాళీగా ఉండేది, కోటీ. అక్కడ సంచి పెట్టుకునేదాన్ని. ఆ సంచి పక్కన కూర్చుని పాఠం వినడం కంటే, నువ్వు మోగే గదిలో కూర్చోవడం నాకు నచ్చింది. "ఇంకా త్వరగా వెయ్యి" అని నువ్వు రాసినప్పుడు సంతోషపడ్డాను. తప్పు నీది కాదు, నీకు తెలియదు. తెలిసి చేసింది నేను.

నానమ్మ గారూ, మీ లెక్క సరైనదే. నా చెవి తప్పు. నన్ను క్షమించండి. వందనాలు.

హెలెన్


దాచేపల్లి,
10 నవంబరు.

హెలెన్,

రెండు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాను, అంతా తిట్లే. అవి రాయను, కాగితం చాలదు.

ఇకమీదట రింగు ఇవ్వకు. ఇచ్చినా ఇక్కడ లెక్కపెట్టేవాళ్ళు లేరు. నానమ్మ గిన్నెలు కడిగి అటక మీద పెట్టేసింది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, క్షమాపణ దాకా ఊరుకుని, "ఆ పిల్లని ముందు బడికి పొమ్మను. దాని చదువు చెడగొట్టటానికా నేను గింజలేసింది" అని కళ్ళు తుడుచుకుంది. నాకూ అదే అనిపించింది. అన్నం తింటూ నవ్వుకుంటూ ఆరు ఎత్తులు వేశానే, ఆ ఆరింటికీ నువ్వు కాలేజీలో ఉండాల్సింది.

నీ పక్కన ఉండటం కోసం నాకు జూన్ ఉంది. ఈ ఒంటిగంట ఆట కోసం దాన్ని పోగొట్టుకుంటానా నేను? నువ్వు పోగొట్టుకుంటావా?

మా కాలేజీలో కరుణాకర్ సారుని అడిగాను, పేరు చెప్పకుండా. హాజరు తక్కువైతే మినహాయింపుకి దరఖాస్తు పెట్టొచ్చట. కారణం రాసి, డాక్టరు కాగితం జతచేసి, తల్లో తండ్రో వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలట. ఇప్పటి నుంచయినా రోజూ వస్తానని ఒప్పుకోవాలట. ఆలస్యమయ్యే కొద్దీ కష్టమట. ఇస్తారని ఆయన మాటివ్వలేదు, అడగాలి అన్నారు.

నవంబరు ఇరవై రెండు శనివారం. నేను నాన్నని బతిమాలి ఒప్పించాను. దాచేపల్లిలో అయిదింటికి మొదటి బస్సెక్కి పేటకి ఎనిమిదిన్నరకి వస్తాను. నువ్వు మీ నాన్నని తీసుకుని రా. రాకపోతే అదే బస్సులో మార్టూరు దాకా వచ్చి, ఆ ఆఫీసులో చెంచయ్య గారి ముందే నీ జడ పట్టుకుని లాక్కెళ్తాను. నేను చేస్తానని నీకు తెలుసు.

కోటి


మార్టూరు,
21 నవంబరు 2003, శుక్రవారం సాయంత్రం.

ప్రియమైన కోటీ,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. రేపు నీ చేతికిస్తాను. నువ్వు చదివేటప్పుడు నేను ఎదురుగా ఉంటాను కాబట్టి మధ్యలో తల ఎత్తకు, చివరి దాకా చదివి ఎత్తు. నోటితో చెబుదామనుకున్నవి నిన్ను చూడగానే మర్చిపోతానని భయం. ఆరు నెలలయింది.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను, జడ పట్టుకుని లాక్కెళ్తానన్నదానితో సహా. ఆయన చాలాసేపు దగ్గి, మంచినీళ్ళు తాగి, "నా దగ్గుని సాకు చేసుకోమాక హెలెన్" అన్నాడు. అంతే. నాకు తెలిసినన్ని మాటల్లో అంత బరువైనది నిఘంటువులో లేదు. తర్వాత లేచి, ఆయనే చెంచయ్య గారింటికి నడిచాడు. నేను వెనకాల వెళ్ళాను.

చెంచయ్య గారు ముందు కసురుకున్నారు. "రెండు నెలల్లో ఇద్దర్ని మార్చమంటే నేనెట్టా నడపాలి జక్రయ్యా?"

నేను మాట్లాడాను. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడటం అదే మొదటిసారి. "లారీలు కదిలేది సాయంత్రమే కదండీ. రాళ్ళ కొలతలు పనివాళ్ళు వచ్చి చెప్తే నాన్న చూసుకుంటాడు, ఆఫీసు కుర్చీలో కూర్చుంటే దుమ్ము తగలదు. నేను అయిదున్నరకి వచ్చి ఆ రోజువన్నీ పుస్తకంలో ఎక్కిస్తాను. పొద్దున కూడా ఆరింటికొచ్చి ఒక గంట రాస్తాను."

"పగలు ఫోనొస్తే?"

"నాన్న ఎత్తుతాడండి."

ఆయన నాన్న వైపు చూశారు. నాన్న, "ఎత్తి అలో అనటం వచ్చులే అయ్యా" అన్నాడు. చెంచయ్య గారికి నవ్వొచ్చింది. జీతం కొంత తగ్గుతుంది. నాన్న సరేనన్నాడు.

కాబట్టి ఇక నాకు ఫోను దగ్గర దొరికేది సాయంత్రం పది నిమిషాలే. వచ్చేటప్పుడు ఆ గది చూసి వచ్చాను. ఆ పది నిమిషాలు కూడా పరీక్షలయ్యే దాకా వాడను. చేతిలోంచి ఏదో తీసేసినట్టుంది. అది నీకు చెప్పాలి, ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు.

రేపు ఏమవుతుందో తెలియదు. ఒప్పుకోకపోతే వచ్చే ఏడాది రాయాలి, నువ్వు గుంటూరులో ఇంకెవరి గదిలోనో ఉంటావు. దాని గురించి ఇవాళ ఆలోచించనని అనుకున్నాను, నాలుగుసార్లు ఆలోచించాను.

డాక్టరు కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టాను. దరఖాస్తు మూడుసార్లు రాసి, కొట్టివేతలు లేనిది ఉంచాను. నాన్న ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. పొద్దున ఆరూ నలభైకి బస్సు. ఏడున్నరకల్లా పేటలో ఉంటాం. నరసరావుపేట బస్సులు ఆగే చోట నిలబడతాను, నువ్వు కిటికీ వైపు కూర్చో. తొమ్మిదిన్నరకి ప్రిన్సిపాల్ గది తెరుస్తారు. అది పై అంతస్తు, నాన్నకి మెట్లెక్కితే ఆయాసం. ఆయన్ని నెమ్మదిగా ఎక్కించి, పైన వరండాలో కూర్చోబెట్టి నువ్వు పక్కన ఉండు. పిలిస్తే ఇద్దరూ వద్దురు గాని. ముందు నేనొక్కదాన్నే లోపలికి వెళ్తాను. ఎన్ని రోజులు రాలేదు అని అడుగుతారు. సెలవులు పోను నలభై ఆరు రోజులని చెప్తాను.

హెలెన్